ప్రపంచపు అతి పెద్ద పిస్తా (అలమొగోర్డో)

ప్రపంచపు అతి పెద్ద పిస్తా అనేది అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, అలమొగోర్డో పట్టణానికి ఉత్తరాన 54వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న కాంక్రీటు విగ్రహం. ఎత్తు 30 అడుగులు. మెక్‌గిన్స్ పిస్టాషియోల్యాండ్ అనే కుటుంబ తోట ముంగిట ఇది నిలబడి ఉంటుంది. తోటను నాటిన టామ్ మెక్‌గిన్ జ్ఞాపకార్థం ఆయన కుమారుడు టిమ్ మెక్‌గిన్ 2008లో దీన్ని కట్టించాడు. మన ఊళ్ల కూడళ్లలో విగ్రహమంటే మనిషి రూపమే. ఇక్కడ ఒక రైతును తలచుకోవడానికి ఆయన పండించిన కాయనే నిలబెట్టారు. దారిన పోయేవాళ్లకు ఇది దుకాణం బోర్డులా కనిపిస్తుంది, కుటుంబానికి మాత్రం తండ్రి స్మారకం.

నిర్మాణం

ఎడారి గాలులకు కదలకుండా ఉండాలని ముందుగా తొమ్మిది అడుగుల లోతు గొయ్యి తవ్వి, అయిదు ఘనపు గజాల కాంక్రీటుతో పునాది నింపారు. మొత్తం మీద 35,000 పౌన్ల కాంక్రీటు, అంటే దాదాపు 16 టన్నులు వాడారు. రంగులు వేయడానికి 35 గ్యాలన్ల పెయింటు పట్టింది.

రూపంలో చూపిన శ్రద్ధే ఈ విగ్రహానికి అసలు అందం. లేత గోధుమరంగు పెంకు ఒక పక్క నిలువునా విచ్చుకుని, ఆ సందులోంచి లోపలి పప్పు బయటికి కనిపిస్తుంది. ఆ పగులు అలంకారానికి పెట్టింది కాదు. పిస్తా వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది. కాయ చెట్టు మీద ఉండగానే లోపలి పప్పు ఊరి పెంకును లోపల్నుంచి నెడుతుంది, పెంకు అతుకు వద్ద దానంతటదే విచ్చుకుంటుంది. ఇలా నోరు తెరిచిన కాయకే మంచి ధర. నోరు విప్పని కాయలను వేరుచేసి, పగలగొట్టి పప్పు తీసి అమ్ముతారు. మూసుకుపోయిన పిస్తాను ఇంత పెద్దదిగా కట్టి ఉంటే రైతుకు అది మంచి ధర రాని కాయ బొమ్మే అయ్యేది.

ఎడారిలో పిస్తా ఎందుకు

అలమొగోర్డో 1898లో రైలు మార్గంతో పాటు పుట్టిన ఊరు. సముద్రమట్టానికి 4,300 అడుగుల పైన, టులరోసా లోయలో ఉంటుంది. 2020 లెక్కల్లో జనాభా 31,000కు కొద్దిగా తక్కువ. నైరుతి దిక్కున 275 చదరపు మైళ్ల మేర తెల్లటి జిప్సమ్ ఇసుక తిన్నెలు పరుచుకుని ఉన్నాయి. వాటిలో కొంత భాగం 2019లో వైట్ శాండ్స్ జాతీయ ఉద్యానవనం అయింది. పక్కనే హాలమన్ వైమానిక స్థావరం. 1945 జులై 16న ప్రపంచపు మొదటి అణుబాంబు పరీక్ష జరిగిన ట్రినిటీ స్థలం ఇక్కడికి వాయవ్యంగా సుమారు 60 మైళ్లు. ఈ ప్రాంతం పేరు చెబితే ఎక్కువమందికి బాంబులూ విమానాలే గుర్తొస్తాయి. అలాంటి చోట సేద్యానికి గుర్తుగా ఒక విగ్రహం లేవడం ముచ్చటైన సంగతి.

లోయ అడుగున నీళ్లు లేకపోలేదు, కానీ చాలావరకు ఉప్పునీళ్లు. ఉప్పు భూగర్భ జలాలను మంచినీళ్లుగా మార్చే పద్ధతులపై పరిశోధనకు అమెరికా ప్రభుత్వం 2007లో ఒక జాతీయ కేంద్రాన్ని తెరిచింది అలమొగోర్డోలోనే. చాలా పండ్లచెట్లు తట్టుకోలేని చౌడు నేలనూ, ఉప్పు తగిలిన నీటినీ పిస్తా తట్టుకుంటుంది. దానికి కావలసినవి మరో రెండు: మండే పొడి వేసవి, గట్టి చలికాలం. ఏడు డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలపాటు తగిలితేనే చెట్టు సరిగ్గా పూస్తుంది. తెలుగు నేల మీద పిస్తా తోటలు లేకపోవడానికి ఈ చలి లేకపోవడమే ముఖ్య కారణం. హైదరాబాద్ బేగంబజారులో బస్తాల్లో కనిపించే పిస్తా అంతా దిగుమతి సరుకే. మొక్క మాత్రం మనకు కొత్త కాదు: మామిడి, పలాస జీడిమామిడి, పిస్తా మూడూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి.

అమెరికా పిస్తాకు పుట్టిల్లు ఇరాన్. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున విలియం వైట్‌హౌస్ 1929లో అక్కడికి వెళ్లి విత్తనాలు సేకరించి తెచ్చాడు. వాటినుంచి ఎంపికచేసిన కెర్మన్ రకం 1957లో విడుదలై, దశాబ్దాల పాటు అమెరికా తోటల్ని ఏలింది. 1979 చివర్లో మొదలైన టెహ్రాన్ అమెరికా రాయబార కార్యాలయ బందీల సంక్షోభంతో ఇరాన్ దిగుమతులపై నిషేధం పడింది. స్థానిక పంటకు అప్పటినుంచి గిరాకీ పెరిగింది. ఇవాళ అమెరికా పిస్తాలో దాదాపు అంతా కాలిఫోర్నియాదే. న్యూమెక్సికో వాటా చాలా చిన్నది.

తోట

మెక్‌గిన్ కుటుంబం 1980లో సాగు మొదలుపెట్టింది. ఇప్పుడు 111 ఎకరాల్లో 12,000కు పైగా పిస్తా చెట్లు, 14 ఎకరాల్లో ద్రాక్ష ఉన్నాయి. పిస్తా నాటడమంటే ఓపికతో చేసే పని. అంటు కట్టిన మొక్క చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. ఆడ చెట్లు, మగ చెట్లు వేరు. పువ్వుల్లో మకరందం ఉండదు కనుక తేనెటీగలతో పని జరగదు, పుప్పొడిని గాలే మోయాలి. అందుకే గాలి వాలు చూసి, ఆడ చెట్ల వరుసల మధ్య అక్కడక్కడ మగ చెట్లు నాటుతారు. మన మామిడి రైతులకు తెలిసిన ఏడాది విడిచి ఏడాది కాపు ఇక్కడా తప్పదు. ఇలాంటి పంటను నమ్ముకుని ఎడారిలో స్థిరపడిన మనిషికి 30 అడుగుల గుర్తు ఎక్కువేమీ కాదు.

వేసవి చివర కాయ పక్వానికి వస్తుంది. యంత్రం చెట్టు మొదలును పట్టుకుని కొద్ది సెకన్లు కుదిపితే కాయలు కింద పరిచిన పట్టల మీద రాలతాయి. నేల తాకనివ్వరు. పైనున్న మెత్తని తొక్కను ఆ పూటే తీసేయాలి, ఆలస్యమైతే పెంకు మీద మచ్చలు పడతాయి. ఒకప్పుడు అమెరికాలో అమ్మిన దిగుమతి పిస్తాలకు ఎర్రరంగు పులిమింది ఆ మచ్చలు కనబడకుండా ఉండేందుకే.

పంటను తోటలోని దుకాణంలోనే వేయించి అమ్ముతారు. న్యూమెక్సికో వంటలకు ప్రాణమైన పచ్చిమిరప రుచి, ఎర్రమిరప రుచి, వెల్లుల్లి రుచి పిస్తాలు ఇక్కడి ప్రత్యేకం. మిఠాయిలు, ఐస్‌క్రీమ్, తోట ద్రాక్షతో అరీనా బ్లాంకా పేరిట తయారయ్యే వైను కూడా దొరుకుతాయి.

ఇతర విగ్రహాలు

దారిపక్కన పంట రూపాల్ని పెద్దవిగా కట్టడం అలమొగోర్డోతో మొదలు కాలేదు. ఆస్ట్రేలియాలో కాఫ్స్ హార్బర్ వద్ద పెద్ద అరటిపండు 1964 నాటిది. టెక్సస్‌లోని సెగీన్ పట్టణం 1962లో పెకాన్ అనే పెంకు కాయ విగ్రహం పెట్టుకుంది. మిస్సోరిలోని బ్రన్స్‌విక్ వద్ద జేమ్స్ కుటుంబం 1982లో 12,000 పౌన్ల పెకాన్ నిలిపి, ప్రపంచంలోకెల్లా పెద్దదన్న పేరు తమ ఊరికి తెచ్చుకుంది. సెగీన్ ఊరుకోలేదు, 2011లో 16 అడుగుల మరో పెకాన్ చేయించింది. వీటిలో మెక్‌గిన్ పిస్తాకు దగ్గరి చుట్టం బ్రన్స్‌విక్‌దే. అదీ ఒక రైతు కుటుంబం తమ తోటలో బయటపడిన పెకాన్ రకాన్ని చాటుకోవడానికి సొంత స్థలంలో కట్టుకున్నదే.

వైట్ శాండ్స్ చూడడానికి వచ్చే యాత్రికుల్లో చాలామంది ఇక్కడ ఆగుతారు. విగ్రహం దగ్గర ఫొటో తీసుకోవడానికి రుసుము లేదు. తోట లోపలికి బండి మీద తిప్పి చెట్లనూ, కాయ శుద్ధి చేసే పద్ధతినీ చూపించే యాత్ర ఉంది, దానికి టికెట్టు తీసుకోవాలి.