కంప్యూటరు మెమొరీలో హద్దులు



పొలమునకు హద్దురాయి యెందులకో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. రాయి యొక్కటియే చాలదనియు, దానికి లెక్కయు, ఆ లెక్కను చూచు అధికారియు వలయుననియు మీరెరుగుదురు. కంప్యూటరులో ఈ యేర్పాటు వచ్చిన చరిత్రను నేడు మనవి చేసెదను.

1978వ సంవత్సరమున అమెరికాలోని ఇంటెల్ సంస్థవారు 8086 అను ప్రాసెసరును వెలువరించిరి. ప్రాసెసరనగా యంత్రమునందు లెక్కలు చేయు భాగము. ఆ లెక్కలు నిలుచు చోటు మెమొరీ. దీనిని స్మృతి యనవచ్చును గాని, మీకు మనువు జ్ఞప్తికి వచ్చునని విడిచితిని. మెమొరీ యనునది వరుస సంఖ్యలు వేసిన గళ్ళ బారు. 8086 ప్రాసెసరు 10,48,576 గళ్ళను గుర్తింపగలదు. కాని దాని రిజిస్టరులో 65,535కు మించిన సంఖ్య పట్టదు. అందుచే మెమొరీని సెగ్మెంటులు, అనగా ఖండములుగా భావించిరి. ఖండసంఖ్యను 16చే హెచ్చించి, ఖండములోని దూరమును కలిపినచో గడి తెలియును. ఇది యుక్తియే గాని రక్షణ గాదు. ఏ ప్రోగ్రామైనను తన కిష్టమైన ఖండసంఖ్యను వేసికొని యే గడిలోనైనను వ్రాయవచ్చును. ఒకదాని తప్పు వలన మరియొకటి, తుదకు యంత్రమును నడపు మూల ప్రోగ్రామే చెడుచుండెను. దినమంతయు కూడిన లెక్క క్షణములో పోవుచుండెను.

1982లో వచ్చిన 80286 ఈ పద్ధతిని మార్చెను. దాని ప్రొటెక్టెడ్ మోడ్, అనగా రక్షితావస్థయందు, ఖండసంఖ్య చోటును చెప్పుట మానినది. అది సెలెక్టరను పేర ఒక పట్టికలోని వరుససంఖ్య యైనది. దానిలోని 16 బిట్టులలో 13 వరుసను, 1 పట్టిక యుమ్మడిదో ప్రత్యేకమో యను సంగతిని, 2 అధికారపు అంతస్తును తెలుపును. పట్టికలో ప్రతి ఖండమునకు 8 గళ్ళ నమోదు గలదు: ఆరంభమెచట, పొడవెంత, చదువుటకా, వ్రాయుటకా, నడపుటకా, ఏ యంతస్తువారికి. పూర్వము కరణము వ్రాసిన అడంగలు వంటిదే యిది. సర్వే నంబరు చెప్పినంతనే భూమి చేతికి రాదు గదా! అంతస్తులు 0 మొదలు 3 వరకు నాలుగు; 0 సర్వాధికారము గలది. పట్టికను నెలకొల్పు ఆజ్ఞ దానికే చెల్లును. హద్దు దాటబోయిన ప్రోగ్రామును ప్రాసెసరే యాపి, మూల ప్రోగ్రామునకు అప్పగించును. 1960ల దశకమునందలి మల్టిక్స్ అను పెద్దవ్యవస్థలో ఇట్టి ఖండములును అంతస్తులును ముందే యుండెను; ఇప్పుడవి బల్లమీది యంత్రమునకు దిగినవి.

ఒక లోపము మిగిలినది. పాత ప్రోగ్రాములు ఖండసంఖ్యను చోటుగానే యెంచుచుండుటచే రక్షితావస్థలో నడువవయ్యెను. 80286కు రక్షితావస్థలోనికి పోవు ద్వారమే కలదు, వెలుపలికి వచ్చునది లేదు! 1984 నాటి ఐబీఎం యంత్రమున, మీటల పలకను చూచుకొను చిన్న భాగముచేత ప్రాసెసరును పునఃప్రారంభము చేయించి వెలుపలికి తెచ్చుచుండిరి. ఇంటిలోనుండి వచ్చుటకు కప్పు విప్పుట వంటిది.

1985లో 80386 ఆ ద్వారము నిచ్చెను. ఖండము 4 గిగాబైట్ల వరకు పెరుగవచ్చుననియు, మెమొరీని 4,096 గళ్ళ పేజీలుగా కాపాడవచ్చుననియు ఏర్పరచెను. పేజీలు సులువగుటచే ప్రోగ్రాములు వ్రాయువారు ఖండములను క్రమముగా విడిచిరి. 2003లో ఏఎండీ సంస్థవారు తెచ్చిన 64 బిట్టుల ప్రాసెసరు, తన క్రొత్త పద్ధతిలో ఖండముల ఆరంభమును, పొడవును చాలవరకు లెక్కించుటయే మానెను. అయినను సెలెక్టరు చివరనుండు ఆ రెండు అధికారపు బిట్టులు మాత్రము నేటికిని నిలిచియున్నవి.