బాపు కార్టూన్లు – మనం దాచుకోవలసిన చరిత్ర

బాపు అనగానే మనలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుకొస్తుంది. 1975లో ‘ముత్యాల ముగ్గు’ చూసినవారికి సినిమా, బుడుగును చదివి పెరిగినవారికి ఆ పిల్లవాడి పిలక, పెండ్లి పత్రిక అచ్చువేయించినవారికి ఆ వంపుల అక్షరాలు. ఇన్నింటి మధ్య వెనకబడిపోయినవాడు ఒకడున్నాడు. అతడు దినపత్రిక కార్టూనిస్టు బాపు. ఆయన ఉద్యోగ జీవితం మొదలైంది అక్కడే. ఆయన పనిలో మనం ఎక్కువగా పోగొట్టుకుంటున్నదీ అక్కడే.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. చదువంతా మద్రాసులో. ముళ్ళపూడి వెంకట రమణతో స్నేహం బడి రోజుల్లోనే కుదిరింది. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావుగారు నడిపిన ‘బాల’ పత్రికలో ఒకరు కథలు రాస్తే ఇంకొకరు బొమ్మలు వేశారు. ఒక బడి స్నేహం తెలుగువారికి ఎంత ఇచ్చిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పూర్వ విద్యార్థుల సంచికకు దొరకదు. బాపు 1955లో లా పట్టా పుచ్చుకున్నారు. కోర్టు మెట్లెక్కకుండా ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. రమణ కూడా ఆ పత్రికలోనే పనిచేశారు.

ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. మన చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోనిదే. తిరుత్తణి 1960 దాకా మన జిల్లాలోనే ఉండింది. కోర్టు పనికైనా, పెద్ద చదువుకైనా, వైద్యానికైనా మనవాళ్లు మద్రాసు రైలెక్కినవాళ్లే. కాబట్టి మద్రాసులో అచ్చయ్యే తెలుగు పత్రిక మనకు దూరపు పత్రిక కాదు. ఆ కాలపు కార్టూన్లు మన తాతల ఇళ్లలోనూ, పంచాయతీ రేడియో పక్కనున్న చదువుగదుల్లోనూ నవ్వించినవే.

అప్పటి అచ్చు పద్ధతి తెలిస్తే బాపు గీత విలువ ఇంకొంచెం తెలుస్తుంది. బొమ్మను ఇండియా ఇంకుతో వేస్తే దాన్ని ఫొటో తీసి జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో చెక్కి, బ్లాకు తయారుచేసేవారు. ఆ బ్లాకును సీసపు అక్షరాల పక్కన బిగించి అచ్చువేసేవారు. లైను బ్లాకులో నలుపు, తెలుపు తప్ప మధ్య రంగు రాదు. సన్నగీత మరీ సన్నమైతే అచ్చులో తెగిపోతుంది. గీతలు దగ్గరైతే సిరా అలుక్కుపోతుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య, చవక కాగితం మీద, ముక్కు ఒక గీత, జడ ఒక గీతగా మనిషిని నిలబెట్టాలి. తర్వాత మనం మురిసిపోయిన ఆ పొదుపైన గీత పత్రికాఫీసులో రోజూ సానపట్టినదే.

పత్రిక ఉద్యోగం తర్వాత ఆయన ప్రకటనల రంగంలో పనిచేశారు. 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకుడయ్యారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. సినిమాలు మిగిలాయి, వర్ణచిత్రాలు మిగిలాయి. చేతిరాత కంప్యూటర్ అక్షరమై మిగిలింది. కార్టూన్లలో కూడా మొగుడూ పెళ్లాల గిల్లికజ్జాలు, అత్తగార్లు, అప్పులవాళ్లు పుస్తకాలకెక్కి బతికారు. వాటికి తేదీ అక్కర్లేదు కనుక ఎప్పుడు చదివినా నవ్వొస్తుంది. ఆనాటి వార్త మీద ఆనాడే వేసిన బొమ్మ సంగతి అది కాదు. పత్రిక మర్నాటికి పాతది. శెనక్కాయల పొట్లమై, అలమర అరలో పరుపై, చివరికి తూకానికి పోతుంది. ఆంధ్రపత్రిక కూడా 1991లో ఆగిపోయింది.

భద్రపరచడం అంటే ఏమిటో తిరుపతివాళ్లకు ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు. అన్నమయ్య కీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో రాగిరేకుల మీద శతాబ్దాలు పడి ఉండి, 1922 ప్రాంతంలో వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు పరిష్కరించి లోకానికిచ్చారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. పాడే వరుస మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో కీర్తనలకు మళ్లీ స్వరం కట్టవలసి వచ్చింది. రాగి మిగిలినా పాట సగమే మిగిలిందన్నమాట.

కార్టూన్ సంగతీ అంతే. బొమ్మ సాహిత్యమైతే ఆనాటి వార్త దాని స్వరం. ఒక నాయకుడు కుర్చీ కాలు పట్టుకుని వేలాడుతున్న పాత కార్టూన్ మనకు దొరికిందనుకుందాం. పైన తేదీ లేదు. ఆ కుర్చీలో 1953లో ప్రకాశం పంతులుగారు, 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారు, 1956లో నీలం సంజీవరెడ్డిగారు, 1960లో దామోదరం సంజీవయ్యగారు, 1962లో మళ్లీ సంజీవరెడ్డిగారు కూర్చున్నారు. పదేళ్లు నిండకుండా నాలుగు మార్పులు. తేదీ ఉంటే ఆ బొమ్మ చరిత్రకు సాక్ష్యం. తేదీ లేకపోతే కుర్చీ పట్టుకున్న ఎవరో ఒక మనిషి. కత్తెరతో బొమ్మ ఒక్కటే కత్తిరించి దాచేవాళ్లం తెలియకుండా పారేసేది ఆ తేదీనే.

ఈ పని చేసి చూపించినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో కెంట్ విశ్వవిద్యాలయం 1973లో పత్రికల కార్టూన్లకు ఒక భాండాగారం మొదలుపెట్టింది. బొమ్మను దాచడంతో సరిపెట్టుకోకుండా, ఏ పత్రిక, ఏ తేదీ, కింద మాట ఏమిటి, బొమ్మలో ఉన్నది ఎవరు అన్నీ రాసిపెట్టింది. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం 1977లో ఒకే ఒక కార్టూనిస్టు ఇచ్చిన కాగితాలతో ప్రారంభించింది. అంత దూరం ఎందుకు, కేరళలో శంకర్‌కు ఆయన పుట్టిన కాయంకుళంలో మ్యూజియం ఉంది. బెంగళూరులో కార్టూన్ల కోసమే ఒక గ్యాలరీ ఉంది. తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావుగారి పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పని మనకు తెలిసిందంటే ‘భారతి’ వంటి పత్రికల పాత సంచికలను ఎవరో పారేయకుండా ఉంచినందువల్లే. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించడం పెద్ద మేలు. అయినా దొరకని సంచికలు దొరకనివే. అవి ఉంటే గింటే మన ఇళ్లలోనే ఉండాలి.

స్వర్ణోత్సవ సందర్భంలో మన సంఘం చేయగలిగిన పని ఇక్కడే ఉంది. డబ్బుతో పెద్ద పని లేదు, ఓపిక కావాలి.

పాత పెట్టెల్లో పత్రికలు కనబడితే బొమ్మను కత్తిరించకండి, పుట మొత్తం ఉంచండి. పత్రిక కాగితం చెక్కగుజ్జుతో చేసింది కనుక వెలుతురు, గాలి తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. మడతపెట్టకుండా పరిచి, ఆమ్లం లేని కాగితాల మధ్య, ఎండ తగలని చోట ఉంచాలి. సెల్లోటేపు అంటించడం, ల్యామినేషన్ చేయించడం రెండూ వద్దు. అతికించినది మళ్లీ ఊడదు, దానితో కాగితమూ పోతుంది. స్కాన్ చేసేటప్పుడు పత్రిక పేరు, తేదీ కనబడేలా పుట మొత్తం ఒకసారి, బొమ్మను దగ్గరగా ఇంకోసారి తీయాలి. తర్వాత ఒక రిజిస్టరులో పత్రిక, తేదీ, పుట, బొమ్మ కింది మాట, బొమ్మలోని మనుషులు, ఆనాటి వార్త రాయాలి. బాపు బొమ్మలకే కాదు, ఏ కార్టూనిస్టు బొమ్మకైనా ఇదే వరస. ఒక్క జాగ్రత్త: మన చట్టంలో కాపీహక్కు కళాకారుడి మరణానంతరం అరవై ఏళ్లు ఉంటుంది. దాచడానికి పూనుకున్నా, అచ్చువేయాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.

రిజిస్టరులో చివరి రెండు గడులు నింపడానికి మనుషులే కావాలి. స్కానర్ కాగితాన్ని చదువుతుంది గానీ, ఆ పంచె కట్టు ఏ మంత్రిదో, ఆ ముక్కు ఎవరిదో చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లు మన తొలి బ్యాచ్‌ల అన్నయ్యలు, అక్కయ్యలు, వారికి పాఠాలు చెప్పిన మేష్టార్లు. సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు ఇప్పటి పిల్లలను ఒక్కో పాత కార్టూన్‌తో వారి దగ్గరకు పంపి, ‘ఇందులో ఎవరున్నారు, ఎందుకు నవ్వారు’ అని అడిగి రాయిస్తే అది చరిత్ర పాఠమూ అవుతుంది, రిజిస్టరూ నిండుతుంది.

కాగితం ఇంకో పదేళ్లు ఓర్చుకోవచ్చు. ఆ ముఖాలను గుర్తుపట్టేవాళ్ల వయసు ఓర్చుకోదు. ఈ సంవత్సరం సమావేశానికి వచ్చేటప్పుడు పాత ఫొటోలతో పాటు, ఇంట్లో దొరికితే ఒక పాత పత్రిక కూడా తీసుకురండి. తేదీ ఉన్న పుటతో సహా.