దర్పణమునకు రూపునిచ్చు చేయి

ఇంగ్లండు దేశపు బాత్ నగరమున ప్రార్థనాలయమందు ఆర్గన్ వాయించుచు, శిష్యులకు సంగీతము నేర్పి జీవించుచుండిన విలియం హెర్షెల్, తాను కోరిన పెద్ద దూరదర్శినిని కొనుటకు శక్తి చాలక, 1773 ప్రాంతమున రాగి తగరముల మిశ్రలోహపు దర్పణములను స్వహస్తములతో నూరి మెఱుగుపెట్ట పూనుకొనెను. ఏడడుగుల దూరదర్శినికి కావలసిన దర్పణము నొకదానిని ముగించుటకై అతడు పదునాఱు గంటలు చేయి తీయక శ్రమించినాడనియు, తాను ముద్దముద్దగా అన్నము నోటికందించి అతనిని నిలుపుకొంటిననియు చెల్లెలు కరొలీన్ తన స్మృతులలో వ్రాసినది. అట్టి ఏడడుగుల దూరదర్శినితోనే 1781 మార్చి 13వ తేదీ రాత్రి యురేనస్ గ్రహము అతని కంటబడెను.

ఆ పదునాఱు గంటలును చేయి చేయుచుండిన పని యేమి? రెండు బిళ్లలను ఒకదానిపై నొకటి అన్ని దిక్కులకును త్రిప్పుచు రాచినచో, ఎట్లు కదిలినను ఒండొంటిని వీడక తాకియుండగల ఆకృతి గోళఖండ మొక్కటియే గనుక, అది శాస్త్రమెఱుగని వానికిని తనంతట సిద్ధించును. కాని గోళము నక్షత్రకాంతి నొక్క బిందువునకు చేర్చదు. అంచున పడిన కిరణములు నడిమి కిరణములకన్న ముందుగనే కలియును. కావలసినది పరవలయాకృతి. ఆఱంగుళముల వెడల్పును నాలుగడుగుల నాభ్యంతరమును గల దర్పణమునందు ఈ రెండాకృతులకు గల భేదము, అంచువద్ద సైతము, మిల్లీమీటరులో మూడువేలవ వంతునకు మించదు. ఏ ఉలికిని అందని ఆ లేశమును త్రోపుల పొడవే తీయవలెను.

కీలు పోసి గళ్లుగా చీల్చిన బిళ్లపై ఎఱ్ఱని ఇనుపతుప్పు పొడిని నీటితో రాచి, దానిపై దర్పణమును బోర్లించి, నడుమ మీదుగా నడుమ పోవునట్లు వెడల్పులో మూడవవంతు మేర ముందు వెనుకలకు త్రోయుచు, దర్పణమును చేతిలో కొంచెము కొంచెముగా త్రిప్పుకొనుచు, పీఠమునకు ప్రదక్షిణము చేయుచుండినచో గోళరూపము చెడక నిలుచును. పిదప త్రోపును పొడిగించి, ప్రక్కలకు వంకరగా పోనిచ్చినచో నడుమ లోతగుచు పరవలయము పుట్టును. మితిమీఱినచో అంచు క్రుంగును. అప్పుడు మరల గోళమునకు వచ్చి మొదలుపెట్టుటయే గతి. ఈ మర్మములను హెర్షెల్ లోకమునకు ప్రకటింపలేదు. దూరదర్శినులను చేసి అమ్ముటయు అతని జీవనాధారములలో నొకటి.

చేతికి కన్నునిచ్చినవాడు పారిసునందలి లియోన్ ఫూకో. దర్పణము నుండి మరలి కూడుకొను కాంతిని కత్తి అంచుతో కోసి చూచినచో ఉపరితలపు మిట్టపల్లములు నీడలుగా తేలునని అతడు 1858లో చూపెను. ఆ పరీక్ష ఎంత సూక్ష్మమనగా, బొటనవ్రేలిని గాజు దర్పణముపై క్షణకాలము ఆనించి తీసినచో, ఆ వేడికి లేచిన ఉబ్బు గుట్టవలె కనిపించి, గాజు చల్లారినకొలది అణగిపోవును. హెర్షెల్‌కు ఈ సాధనమే లభించియుండినచో ఎన్ని రాత్రులు మిగిలియుండెడివో!

ఈ విద్యను కార్మికుల చేతికందించిన పుణ్యము రస్సెల్ పోర్టరుది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డునందు 1920లో అతడు యంత్రశాలలలో పనిచేయువారిని కూర్చి దర్పణములు నూరుట నేర్పెను. 1925లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆ వార్తను ప్రకటింపగా వేలమంది గృహస్థులు దీనియందు ప్రవృత్తులైరి.

మన దేశమునను ఈ నైపుణ్యము కొఱవడలేదు. హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి కొలువున నుండగా అచట పెరిగిన ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పు సంకల్పించిన 2.34 మీటర్ల దర్పణము బెంగుళూరునందు మనవారిచేతనే మెఱుగుదేరి, 1986 నుండి కావలూరున పనిచేయుచున్నది.

ఈ పని ఆరంభింపగోరు పాఠకులు ఆఱంగుళముల గాజుతో మొదలుపెట్టి, తొందరవిడిచి, పొట్టి త్రోపులను నమ్ముకొందురు గాక. సిద్ధమైన దూరదర్శినితో సూర్యుని వైపు మాత్రము ఎన్నడును చూడవలదు.