మీటరు దాటిన తరువాత

సిరిసిల్ల అనగానే మరమగ్గముల చప్పుడు చెవికి వచ్చును. ఆ మగ్గములకు కరెంటు నిచ్చుచున్నది ఒక సహకార సంఘమను సంగతి మాత్రము దూరపు శ్రోతలలో చాలమందికి తెలియదు. 1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించినది. దాని తోడ్పాటుతో దేశమున ప్రయోగాత్మకముగా ఏర్పడిన తొలి ఐదు విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘ మొకటి. 1970 నుండి పని చేయుచున్న దీనిని జనులు 'సెస్' అందురు. ఇందులో వినియోగదారుడే సభ్యుడు.

పల్లెలకు తీగలు లాగిన ఆ దినములలో ముందు తలచినది బావి మోటారును. ఇంటిలో ఒకటి రెండు బల్బులు వెలిగిన అదియే పండుగ. వంటయింటి మాట చివరకు వచ్చినది. అచట కట్టెలపొయ్యి ఉండనే ఉన్నది గదా! తరువాత గ్రైండరు, మిక్సీ, కరెంటు పొయ్యి ఒక్కొక్కటిగా వచ్చి, బల్బు కొరకు వేసిన సన్నని తీగలనే ఆశ్రయించినవి. 230 వోల్టుల వద్ద 60 వాట్ల దీపమునకు పావు ఆంపియరు చాలును. 2000 వాట్ల పొయ్యికి దాదాపు 9 ఆంపియర్లు కావలెను. 5 ఆంపియర్ల సాకెట్టు దానిని భరింపజాలదు. 15 ఆంపియర్ల లావు ప్లగ్గు, దానికి వేరే తీగ, వేరే ఫ్యూజు ఏర్పడినది ఇందులకే.

ఈ గుండ్రని పిన్నులు మనకు బ్రిటిషువారి ప్రమాణము ననుసరించి వచ్చినవి. వారు 1947లో చదునైన పిన్నులకు ప్రమాణము చేసికొనిరి. మనము గుండ్రనివే ఉంచుకొంటిమి. పై పిన్ను తక్కిన రెంటికంటె పొడవుగా, లావుగా ఉండుటను గమనించితిరా? ప్లగ్గును దూర్చునపుడు అన్నిటికంటె ముందు ఎర్తు కలియవలెను. తీయునపుడు అన్నిటికంటె చివర విడవలెను. గ్రైండరు లోపలి తీగ ఇనుప ఒంటికి తగిలినచో కరెంటు ఆ పిన్ను దారినే పోయి ఫ్యూజును కాల్చును. ఆ దారి లేనినాడు, తడినేలపై నిలిచి పిండి తీయు ఇల్లాలి దేహమే దారి యగును.

పై రంధ్రము వెనుక తీగయే లేని ఇండ్లను మేము ఎన్నిటినో చూచితిమి. ప్లగ్గును కోసివేసి, తీగల కొసలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించు నేర్పరులను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములు వినియోగదారుని ఆవరణలో ఎర్తు టెర్మినలును ఏర్పరచు భారమును సరఫరా చేయువారిపై ఉంచినవి. అచటినుండి వంటయింటి గోడ వరకు పోవు తీగ ఇంటివారిది. సిరిసిల్లలో మీటరు వరకు నలుగురూ కలిసి కాచుకొన్న కరెంటు, మీటరు దాటగనే ఒంటరిదైనది.

ఎర్తు తీగ ఉన్నను నేల ఎండరాదు. మానేరులో ఇసుక తేలు వేసవిలో, బొగ్గు, ఉప్పు నింపిన ఎర్తు గుంతలో నీరు పోయువారు పోయుదురు. మరచినవారి యింట ఫ్యూజు కాలునంత కరెంటు భూమిలోనికి పోదు. అందులకే 30 మిల్లీఆంపియర్లు పక్కదారి పట్టినను క్షణములో సరఫరాను ఆపు పరికరము ఇప్పుడు మీటరు పక్కన చేరుచున్నది.