గినియా పిగ్ కాలికి కొమ్ములా మొలిచిందా? కంగారు వద్దు, అరికాలు చూడండి

గినియా పిగ్‌ను పెంచే ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినిపిస్తుంది: ‘దీని కాలికి ఏదో మొలిచింది!’ ముందు పాదం పక్క నుంచి చిన్న కొమ్ములా పొడుచుకొచ్చిన గట్టి చర్మాన్ని చూసి పిల్లలు భయపడతారు. పెద్దవాళ్లు కత్తెర అందుకుంటారు. నిజానికి చాలాసార్లు ఆ కొమ్ముతో హాని ఏమీ ఉండదు. భయపడాల్సింది అరికాలు ఎర్రబడి వాచినప్పుడు. జంతువును తిప్పి చూస్తే తప్ప అది కంటపడదు.

పాదం ఎలా ఉంటుంది?

గినియా పిగ్‌కు ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి వేళ్లుంటాయి. మొత్తం 14 గోళ్లు. అరికాళ్ల మీద బొచ్చు ఉండదు, చర్మం మెత్తగా ఉంటుంది. దీని మూలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం. పెద్దయ్యాక సుమారు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా తూగుతుంది. ఆ బరువంతా ఈ చిన్న పాదాల మీదే పడుతుంది. గరుకు నేల, ఇనుప జాలీ వాటికి పడవు.

స్పర్ అంటే ఏంటి?

ముందు పాదాల అంచున పెరిగే ఆ గట్టి పొరను స్పర్ అంటారు. మన గోళ్లలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతోనే అది తయారవుతుంది. వయసు మీద పడ్డవాటిలో, బరువు ఎక్కువున్నవాటిలో ఇది మామూలే. మామూలుగా నొప్పి ఉండదు. అయితే బాగా పొడవు పెరిగితే దేనికైనా తగులుకుని చీలిపోవచ్చు, రక్తం రావచ్చు.

పొడవైతే పాదాన్ని గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు ఉంచి, మెత్తబడ్డాక ఎండిన చివరను మాత్రమే నెయిల్ కట్టర్‌తో తీయాలి. మొదలు దాకా కోస్తే మాంసం తెగుతుంది. చేత్తో పట్టి లాగడం, పీకడం అస్సలు చేయకూడదు.

కొన్నిటికి పుట్టుకతోనే వెనక కాలికి అదనపు వేలు ఉంటుంది. దానికి గోరు కూడా ఉంటుంది. దాన్ని స్పర్ అనుకుని కత్తిరిస్తే గాయమే మిగులుతుంది.

గోళ్లు తీసే పద్ధతి

సుమారు నెలకోసారి గోళ్లు తీయాలి. వదిలేస్తే వంకర తిరిగి అరికాల్లోకి గుచ్చుకుంటాయి. గోరు లోపల గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళం ఉంటుంది. దానికి కాస్త ముందే కట్ చేయాలి. నల్ల గోళ్లలో అది కనపడదు కాబట్టి వెనక నుంచి టార్చ్ వేసి చూడాలి, లేదా కొద్దికొద్దిగా తీయాలి. పొరపాటున రక్తం వస్తే వంటింట్లోని కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు నొక్కి పట్టాలి. ఒకరు తువ్వాలులో పొదివి పట్టుకుంటే, ఇంకొకరు గోళ్లు తీయడం తేలిక.

అసలు ప్రమాదం: బంబుల్‌ఫుట్

అరికాలి చర్మం దెబ్బతిని, అందులోకి బ్యాక్టీరియా చేరితే వచ్చే జబ్బు ఇది. మొదట అరికాలు ఎర్రబడుతుంది, నున్నగా కనిపిస్తుంది. తర్వాత వాపు, పుండు, దాని మీద నల్లటి పెచ్చు కడుతుంది. ముదిరితే ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోతుంది. అప్పుడు నయం చేయడం చాలా కష్టం.

కారణాలు ఎక్కువగా ఇంట్లోనే ఉంటాయి: జాలీ అడుగున్న పంజరం, మూత్రంతో తడిసిన పరుపు, అధిక బరువు, కదలడానికి చోటు లేకపోవడం, విటమిన్ సి లోపం. జాలీ మీద మెత్తటి ఫ్లీస్ గుడ్డ పరిచి, దాన్ని తరచూ ఉతకాలి. తడిసిన గడ్డిని రోజూ తీసేయాలి. వర్షాకాలంలో, కూలర్ గాలి తగిలేచోట తేమ త్వరగా ఆరదు కాబట్టి ఇంకా జాగ్రత్త అవసరం.

విటమిన్ సి ఎందుకు?

మనుషుల్లాగే గినియా పిగ్ శరీరం కూడా విటమిన్ సిని తయారు చేసుకోలేదు. కిలో బరువుకు రోజుకు సుమారు 10 నుంచి 30 మిల్లీగ్రాములు ఆహారం నుంచే అందాలి. తగ్గితే పుండ్లు త్వరగా మానవు. రోజూ క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర లాంటివి పెట్టాలి. క్యారెట్‌లో ఈ విటమిన్ తక్కువే. నీళ్లలో కలిపే చుక్కల మందు త్వరగా సత్తువ కోల్పోతుంది. వీటన్నిటితో పాటు ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఇంట్లో మందులు వాడొద్దు

పుండు కనిపించగానే కొందరు ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఇచ్చేస్తారు. మనుషులకు మామూలుగా రాసే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి గినియా పిగ్ పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను చంపేస్తాయి. దాంతో ప్రాణమే పోవచ్చు. మందు ఏదైనా పశువైద్యుడే రాయాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

పాదం వాచినా, పుండు పడినా, కుంటుతున్నా, స్పర్ మొదట్లో రక్తం ఆగకపోయినా, గడ్డ రోజురోజుకూ పెరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. తిండి మానేస్తే అదే రోజు తీసుకెళ్లాలి. నొప్పిని దాచుకోవడం ఈ జంతువు స్వభావం. కుంటడం కనపడేసరికి జబ్బు ముదిరి ఉండొచ్చు.

అందుకే వారానికోసారి ఒళ్లో కూర్చోబెట్టుకుని నాలుగు అరికాళ్లూ తిప్పి చూడాలి. రెండు నిమిషాల పని. పెద్దవాళ్లు పక్కనుంటే పిల్లలు కూడా చేయగలరు.