కండ్లు తప్పిన చోట వేళ్లు

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా మేనత్త మా అమ్మతోని అన్న మాట ఇప్పటికీ యాదికుంది. "వదినె, గీ పోరణ్ని కొండగట్టుకు తీస్కపోయి పదకొండు రోజులు నిద్ర చేపియ్యి. ఆ అంజన్న చూస్కుంటడు." మనసు బాగలేనివాళ్లను కొండగట్టు గుడి దగ్గర కొన్నాళ్లు ఉంచితే నయమైతదని మా దిక్కు నమ్మకం. ఇంతకీ నాకున్న జబ్బేంటంటే, చదవడం రాకపోవడం.

అక్షరాలు రాక కాదు. ఒక్కొక్కటి చూపించి అడిగితే అన్నీ చెప్పేవాణ్ని. నాలుగు వరుసలో నిలబడితే మాత్రం కండ్ల ముందు కలగాపులగమయ్యేవి. 'విద్యార్థి' అని రాయమంటే ఒకసారి 'విద్యార్ది', ఇంకోసారి 'విధ్యార్తి' అని రాసేవాణ్ని. ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాసినా నాకు తేడా తెలిసేది కాదు. నోటితో అడిగితే పాఠమంతా చెప్పేవాణ్ని కాబట్టి, రాయకపోవడం పొగరు కిందే లెక్క. దెబ్బలు సరే.

అమ్మ నన్ను కొండగట్టుకు తీసుకపోయింది. పదకొండు రోజులు ఉన్నాం. పులిహోర ప్రసాదం, కోతులు, మెట్ల మీద అమ్మ ఒడిలో నిద్ర... నిజానికి నా బాల్యంలో ఎవరూ నన్ను చదవమనని పదకొండు రోజులు అవే. వాల్మీకి రామాయణం కిష్కింధకాండలో, హనుమంతుడు అంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని రాముడు లక్ష్మణుడితో మెచ్చుకుంటాడు. ఆ సంగతి చాలా ఏండ్లకు తెలిసి నవ్వొచ్చింది. ఒక్క తప్పు మాట పలకని దేవుడి దగ్గరికి ఒక్క మాటా తప్పు లేకుండా రాయలేని నన్ను తీసుకపోయారన్నమాట.

ఈ ఇబ్బందికి పేరుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం పాతదే. చూపు బాగానే ఉండి అక్షరాలు చదవలేని స్థితిని 1877లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ 'పదాంధత్వం' అన్నాడు. పదేళ్లకు రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి వైద్యుడు 'డిస్లెక్సియా' అన్న మాట వాడాడు. వాళ్లు చూసింది మెదడు దెబ్బతిన్న పెద్దవాళ్లను. పుట్టుకతోనే ఇలా ఉండే పిల్లల సంగతి 1896లో ప్రింగిల్ మోర్గన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆయన చూసిన పిల్లాడికి పద్నాలుగేండ్లు, పేరు పర్సీ. తెలివైనవాడు, లెక్కల్లో దిట్ట. తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి 'ప్రెసీ' అని రాసి, తప్పు రాశానని గుర్తించలేకపోయాడు. చదువంతా నోటితోనే చెప్తే బడిలో అందరికన్నా చురుకైనవాడు వీడేనని అతని మాస్టారు అభిప్రాయపడ్డాడట. ఆ వ్యాసం మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదో తరగతి తప్పినంక బాపు నన్ను జగిత్యాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. "చదువు రానోనికి టైపన్న వస్తే కోర్టు కాడ బతుకుతడు" అన్నది ఆయన లెక్క. చదవలేనివాడు టైపు ఎట్ల కొడ్తడని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ రోజుల్లో మన ప్రతి చిన్న పట్నంలోనూ ఇలాంటి గదొకటి ఉండేది. రెండు వరుసల్లో పాత రెమింగ్టన్లు, గోద్రెజ్‌లు, గంటకొక బ్యాచి. గోద్రెజ్ 1955 నుంచి ఇక్కడే మిషన్లు తయారు చేసింది. సాంకేతిక విద్యామండలి పెట్టే ఇంగ్లిషు లోయర్ పాసు కావాలంటే నిమిషానికి ముప్పై మాటలు, హయ్యర్‌కు నలభై అయిదు కొట్టాలి. మొదటి పాఠం మాత్రం మాటలే కాదు: ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజేహెచ్‌జే. అర్థం లేని ఆ వరుసను పేజీలకు పేజీలు కొట్టాలి. నేను కిందికి చూస్తుంటే సార్ నా చేతుల మీద తువ్వాల కప్పి, "కండ్లకు పని చెప్పకు బిడ్డా, వేళ్లకు చెప్పు" అనేవాడు.

అర్థం లేకపోవడమే నాకు మేలు చేసింది. ఆ వరుసను చదవాల్సిన పని లేదు. నెల తిరిగేసరికి ఇంగ్లిషులో నన్ను జీవితమంతా ఏడిపించిన 'బి', 'డి' విడిపోయాయి. కాగితం మీద అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. మిషన్ మీద 'డి' ఎడమ చేతి నడిమి వేలిది, 'బి' చూపుడు వేలు కిందికి చాపి కొట్టేది. కండ్లకు ఒక్కలాగే కనబడేవి వేళ్లకు రెండు వేరువేరు ఇండ్లు. 'బికాజ్' అన్న మాటకు స్పెల్లింగు నోటితో అడిగితే ఇప్పటికీ తడబడతాను. వేళ్లను అడిగితే తడబడవు.

చూపు మీద ఆధారపడకుండా రాయడం కోసమే ఈ యంత్రం కథ మొదలైంది మరి. 1808 ప్రాంతంలో ఇటలీలో పెల్లెగ్రీనో తుర్రి ఒక రాతయంత్రం చేసింది చూపులేని స్నేహితురాలి కోసం. 1870లో 'రైటింగ్ బాల్'కు పేటెంటు పొందిన మాలింగ్ హాన్సెన్ కోపెన్‌హాగెన్‌లో బధిరుల పాఠశాల నడిపినవాడు. 1874లో షోల్స్ యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ బజారుకు తెచ్చాక అది ఆఫీసు సామానైంది. 1888లో సిన్సినాటిలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ కీబోర్డు చూడకుండా కొట్టి గెలిచినంక, చూడకుండా కొట్టడం వేగానికి గుర్తుగా మారిపోయింది. బడి పిల్లలకు టైపు పనికొస్తుందా అని అమెరికాలో వుడ్, ఫ్రీమన్ అనే ఇద్దరు వేల మంది పిల్లలతో పెద్ద ప్రయోగం చేసి 1932లో పుస్తకం వేశారు. చదవలేని పిల్లలతో మాటల మీద వేలు పెట్టి దిద్దించిన గ్రేస్ ఫెర్నాల్డ్ కూడా ఆ కాలం మనిషే. వేలితో దిద్దించడం మనకేం కొత్త కాదు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి 'ఓం' రాయించేది ఇందుకే కదా! కాకపోతే మనం ఆ ఒక్కరోజుతో ఆపేస్తాం.

తెలుగు సంగతి వేరు. తెలుగు టైపు మిషన్ అక్షరాన్ని ముక్కలు చేసి, కంటికి కనబడే ఆకారాన్ని బట్టి కొట్టిస్తుంది. 1966లో అధికార భాషా చట్టం వచ్చినంక ఆఫీసుల్లో ఆ మిషన్ల అవసరం పెరిగింది కానీ, నాకు దానితో పొసగలేదు. ఆకారమే కదా నా శత్రువు. నాకు తెలుగు రాత వచ్చింది కంప్యూటర్ మీద, ఇన్‌స్క్రిప్ట్‌తో. 1980లలో భారతీయ భాషలన్నిటికీ కలిపి చేసిన ఈ అమరిక ఆకారాన్ని కాకుండా ఉచ్చారణ వరుసను పట్టుకుంటుంది. 'విద్యార్థి' చివరి అక్షరం చూడండి. గుడి పైన ఉన్న 'ర' మీద కనబడుతుంది, 'థ' కింద వొత్తుగా ఉంటుంది. కన్ను ముందు 'రి' అని చదువుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో మాత్రం ర, పొల్లు, థ, గుడి. నోరు పలికే వరుసే వేళ్లది. పైగా 'త' ఏ మీట మీద ఉందో 'థ' కూడా దాని మీదే, షిఫ్ట్ నొక్కాలి. 'ద', 'ధ' కూడా అంతే. వొత్తి పలకాలంటే ఇంకో వేలు సాయం రావాలన్నమాట. ముప్పై ఏండ్లు దాటినంక 'విద్యార్థి'ని మొదటిసారి వరుసగా పదిసార్లు తప్పు లేకుండా రాశాను.

ఇది మందు కాదు. నేను ఇప్పటికీ మెల్లగానే చదువుతా, పుస్తకంలో గీత కింద స్కేలు పెట్టుకుంటా. చదవడం నేర్పే ఓపికైన టీచరుకు కీబోర్డు బదులు కాదు. కానీ చేతిరాత, స్పెల్లింగు అనే రెండు బరువుల్లో ఒకటి దించితే రెండోదాన్ని మోసే బలం వస్తుంది. ఫోన్లో రెండక్షరాలు కొట్టగానే మాట దానంతట అదే వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ వచ్చిన మూడు మాటల్లో సరైనదేదో కన్నే ఎంచుకోవాలి. మళ్లీ మొదటికే వచ్చినం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని వైకల్యాల జాబితాలో చేర్చింది. చట్టానికి తెలిసింది ఊళ్లకు ఇంకా తెలియలేదు. నా మేనకోడలు ఇప్పుడు ఆరో తరగతి. పోయిన ఎండాకాలం మా చెల్లె దాని నోటుబుక్కు నా ముందు పెట్టి, "అన్నా, కొండగట్టుకు తీస్కపోదునా?" అని మెల్లగా అడిగింది. "పోదాం, అందరం పోదాం" అన్నాను. పోయి దర్శనం చేసుకున్నం, పిల్ల కోతులకు అరటిపండ్లు పెట్టింది. నేను టైపు నేర్చుకున్న జగిత్యాల గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అందుకని ఇంట్లోనే, రోజుకు ఇరవై నిమిషాలు, దాని చేతుల మీద తువ్వాల కప్పి కూర్చుంటున్నా. ఇంకా మాటల దాకా రాలేదు. ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్ దగ్గరే ఉన్నం.