వేరు పీల్చే గాలి

ఇంటర్ రెండో సంవత్సరం బోటనీ చదివినవాళ్లంతా ఖనిజ పోషణ పాఠంలో ఒక బొమ్మ గీసే ఉంటారు. గాజు జాడీ, దాని నిండా పోషక ద్రావణం, మూతకున్న రంధ్రంలో నిలబెట్టిన మొక్క, నీళ్లు పోయడానికి గరాటు, ఒక పక్కగా లోపలికి దిగిన సన్నని గాలి గొట్టం. జాడీ, లవణాలు, నీళ్లు 1860ల నాటికే కుదిరిపోయాయి. ఆ గొట్టం విలువ ఎంతటిదో తోటమాలులకు తలకెక్కడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ విశాఖ మధురవాడలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో బకెట్‌లో ఆకుకూర పెంచుదామని కూర్చున్నవాళ్లు మొదట దెబ్బతినేది కూడా అక్కడే. మొక్కకు ఎరువు సరిగ్గా వేశామా లేదా అని చూసుకుంటారు తప్ప, వేరుకు గాలి అందుతోందా అని చూడరు.

నీళ్లలో మొక్క పెంచి లెక్క చూసిన తొలివాళ్లలో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ వుడ్‌వర్డ్ ఒకరు. అంతకుముందు వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు తొట్టెలో విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు ఎంతో పెరిగింది, తొట్టెలో మట్టి దాదాపు తరగలేదు. కాబట్టి చెట్టంతా నీటితోనే తయారైందని తేల్చాడు. 1648లో అచ్చయిన ఈ మాటను వుడ్‌వర్డ్ నమ్మలేదు. మన పుదీనా జాతికే చెందిన స్పియర్‌మింట్ మొక్కల్ని తూచి, గాజు సీసాల్లో రకరకాల నీళ్లు పోసి పెట్టాడు. వాన నీటిలో కంటే థేమ్స్ నది నీటిలో, దానికంటే తోటమట్టి కలిపిన నీటిలో మొక్క ఎక్కువ బరువు పెరిగింది. మొక్కకు కావలసింది నీటిలో కరిగిన ఇంకేదో పదార్థమని 1699లో రాశాడు.

ఆయనకు పుదీనా జాతి మొక్క దొరకడం అదృష్టమే. పుదీనా కాడ కణుపుల దగ్గర వేరు మొలకలు ముందే సిద్ధంగా ఉంటాయి, తేమ తగిలితే చాలు బయటపడతాయి. రైతుబజారులో కొన్న కట్టలోంచి ముదిరిన కాడ తీసుకుని, కణుపు కిందుగా కోసి, కింది ఆకులు తుంచి నీళ్లలో పెడితే వారం, పది రోజుల్లో తెల్లని వేర్లు కనిపిస్తాయి. బచ్చలి కాడ కూడా అంతే. మందార కొమ్మకు ఇంకా ఓపిక కావాలి. కాండం నుంచి ఇలా పుట్టేవాటిని మన పాఠ్యపుస్తకాలు అబ్బురపు వేర్లు అంటాయి. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కాండం వెంట కిందికి దిగుతుంది. కొమ్మను కోసినప్పుడు దాని దారి తెగి కోత దగ్గర పోగుపడుతుంది. అక్కడి కణాలు విభజన మొదలుపెట్టి వేర్లుగా మారతాయి. 1935లో అమెరికాలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం ఇదే పని ఇంకా గట్టిగా చేస్తుందని చూపించారు. నర్సరీ దుకాణాల్లో వేరు పొడి పేరుతో అమ్మేదానిలో ఉండేది సాధారణంగా అదే.

వుడ్‌వర్డ్ చెప్పిన 'ఇంకేదో పదార్థం' ఏమిటో జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ 1860 ప్రాంతంలో విడదీసి చూపారు. కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, చిటికెడు ఇనుము. ఇప్పుడు ఏ, బీ అని రెండు సీసాల్లో వచ్చే హైడ్రోపోనిక్ ఎరువు వీటి వారసత్వమే. రెండు సీసాలు ఎందుకంటే, చిక్కటి ద్రావణంలో సల్ఫేట్, ఫాస్ఫేట్లతో కాల్షియం కలిస్తే అడుగున సున్నంలా పేరుకుపోతుంది. బకెట్ నీళ్లలో ముందు ఒకటి కలిపి, ఆ తరవాతే రెండోది కలపాలి.

ప్రయోగశాలలో డెబ్బై ఏళ్లు నలిగిన ఈ విద్యను పొలం స్థాయికి తెచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్. 1929లో ఆయన ప్రయత్నం మొదలుపెట్టాడు. 25 అడుగుల ఎత్తు సాగిన టమాటా తీగల ఫోటోలు పత్రికలకెక్కాయి. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అని పేరు పెట్టాడు. 1930ల చివర్లో పసిఫిక్ మధ్యనున్న వేక్ దీవిలో, విమానాలు ఆగే చోట, పాన్ అమెరికన్ సంస్థ ఈ పద్ధతిలోనే కూరగాయలు పండించింది. ఆ ఫోటోలు చూసి ఎంతోమంది ఇళ్లలో తొట్లు కట్టుకున్నారు. చాలామందికి ఏమీ దక్కలేదు.

గెరిక్ తొట్టెను శ్రద్ధగా గమనిస్తే కారణం తెలుస్తుంది. ఆయన ద్రావణం మీద తీగ వల పరిచి, దాని మీద ఊక, పొట్టు లాంటివి వేసి అందులో మొక్క నిలిపాడు. వలకూ నీటికీ మధ్య ఖాళీ వదిలాడు. వేరు పైభాగం ఆ తేమ గాలిలో ఉంటుంది, కింది భాగం నీళ్లలో ఉంటుంది. చూసి చేసినవాళ్లు తొట్టెను అంచుదాకా నింపేశారు. అదే విశ్వవిద్యాలయంలో డెన్నిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్ ఈ సందడినంతా పరిశీలించి 1938లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. మంచి నేలలో పండేదానికంటే నీటిలో ఎక్కువేమీ పండదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. వేర్లకు గాలి అందేలా చూసుకోవాలనీ హెచ్చరించారు. వాళ్ల ద్రావణం సూత్రం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. నా ఉద్దేశంలో ఆ హెచ్చరికకు కూడా అంతే పేరు రావాల్సింది.

వేరు కూడా శ్వాసిస్తుంది. ఆక్సిజన్ లేకపోతే ఎరువును లోపలికి లాగే శక్తి దానికి ఉండదు, చుట్టూ ఎంత ఎరువున్నా ఆకు పసుపెక్కుతుంది. నీళ్లలో నిలిచే వరి పంటకు ఏమీ కాదేం అని అడగవచ్చు. వరి కాండంలో, వేరులో గాలి గదులుంటాయి, ఆకు నుంచి గాలి అడుగుదాకా దిగుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో కొన్ని చెట్లు బురదలోంచి పైకి వేర్లు పొడుచుకొచ్చేలా చేసుకుని ఊపిరి తీసుకుంటాయి. టమాటాకూ, పాలకూరకూ ఆ ఏర్పాటు లేదు.

అందుకే తరవాతి ప్రయత్నాలు కొంతకాలం నీటిని వదిలి గులకరాళ్ల వైపు మళ్లాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అసెన్షన్ దీవిలో అమెరికా సేనలు గులక తొట్లలోనే కూరలు పండించుకున్నాయి. మన దేశంలో షోల్టో డగ్లస్ 1946లో అప్పటి డార్జిలింగ్ జిల్లా కాలింపాంగ్‌లో మొదలుపెట్టిన ప్రయోగాల్లోనూ మొక్క నిలిచింది గులక, ఇసుక కలిపిన తొట్టెలోనే. ఖరీదైన పంపులు, యంత్రాలు లేకుండా గ్రామస్థుడు చేసుకోగలగాలన్నది ఆయన పట్టుదల. 1951లో 'బెంగాల్ పద్ధతి' పేరుతో పుస్తకం తెచ్చారు. గులకల సందుల్లోంచి వేరుకు గాలి దానంతట అదే అందుతుంది.

తెలుగు నేల మీద ఇదే సూత్రం పెద్ద ఎత్తున పనిచేసిన చోటు భద్రాచలం పక్కనున్న సారపాక. 1988 జాతీయ అటవీ విధానం కాగితం మిల్లుల్ని కలప కోసం రైతుల వైపు చూడమంది. గింజతో పెంచిన జామాయిల్ తోటల్లో ఒక చెట్టు లావుగా, పక్కది బక్కగా ఉండేది. ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌లో డాక్టర్ ప్యారేలాల్ బృందం 1989లో కొమ్మ కత్తిరింపుల దారి పట్టింది. ఏపుగా పెరిగిన చెట్టును ఎంచుకుని నరికి, మోడు నుంచి వచ్చిన లేత పిలకల్ని ముక్కలు కోసి, ఆకులు సగానికి కత్తిరించి, ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం అద్ది, వర్మిక్యులైట్ నింపిన గొట్టాల్లో గుచ్చి, పొగమంచులా నీళ్లు చిమ్మే గదుల్లో ఉంచారు. ఆకు వాడకుండా పైన తడి, కోత కుళ్లకుండా కింద గాలి. వర్మిక్యులైట్ నీటినీ గాలినీ రెండింటినీ పట్టి ఉంచుతుంది. భద్రాచలం క్లోన్లుగా పేరుపడ్డ ఆ మొక్కలు గింజ మొక్కల కంటే రెండింతలకు పైగా కలప ఇచ్చాయి. సముద్రతీరపు సరుగుడు తోటలకు కూడా తరవాత ఇలాంటి కొమ్మ మొక్కలే వచ్చాయి.

అచ్చంగా నీటిలోనే పెంచే పద్ధతి మళ్లీ తల ఎత్తింది 1976 ప్రాంతంలో. ఇటలీలో మసాంటిని, అరిజోనాలో మెర్ల్ జెన్సెన్ ఒకరికొకరు సంబంధం లేకుండా, లోతైన నీటి మీద థర్మోకోల్ పలకలు తేలించి, రంధ్రాల్లో లెట్యూస్ నాటి పండించారు. ఇప్పుడు లోతు నీటి సాగు అంటున్నది దీన్నే. అక్వేరియం పంపు, నీళ్లలో బుడగలు చిమ్మే గాలిరాయి చవకగా దొరకడంతో ఇది ఇంటి బకెట్‌లోకి దిగింది. బొమ్మలోని గాలి గొట్టానికి చివరికి కరెంటు తోడైంది.

2005లో మహా విశాఖలో కలిసిన మధురవాడలో పదంతస్తుల ఇళ్లు లేచాయి. కొండరాయి, ఎర్రమట్టి పలచగా పరుచుకున్న నేల ఇది. బాల్కనీలో మట్టి కుండీలు పేర్చడానికి బరువూ అడ్డమే, చోటూ అడ్డమే. కాబట్టి ఇక్కడ నీటి సాగు మీద ఆసక్తి కలగడం సహజం. అయితే విశాఖ వేడికి లెక్క వేరు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు తగ్గుతుంది. వేడికి వేరు శ్వాస పెరుగుతుంది, వేరు కుళ్లు తెగులూ ఊపందుకుంటుంది. డాబా మీద ఎండలో పెట్టిన నల్ల డ్రమ్ము మే నెలలో మొక్కను ఉడికిస్తుంది. లోపల వెలుతురు పడకుండా ముదురు రంగూ, బయట ఎండ తిరగ్గొట్టేలా తెల్ల రంగూ ఉన్న బకెట్, లేదా మూతున్న థర్మోకోల్ పెట్టె మేలు. వెలుతురు పడితే పాచి పడుతుంది. ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు బాల్కనీ దొరికితే ఇంకేం కావాలి.

రెండో చిక్కు కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మధురవాడను ఆనుకున్న కంబాలకొండలోనూ, జంతుప్రదర్శనశాలలోనూ చెట్లు కూలాయి, నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే నిండు బకెట్‌లోని వేర్లు వేసవిలో ఎక్కువ గంటలు తట్టుకోలేవు. దీనికి హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ చేసిన పరిష్కారం నాకు ఎంతో నచ్చింది. పంపు అసలు లేదు. మొదట, మూత రంధ్రంలో మొక్కను నిలిపిన చిల్లుల కుండీ అడుగు తడిసేంత వరకు ద్రావణం పోస్తాడు. మొక్క తాగే కొద్దీ మట్టం దిగుతుంది, ఖాళీ అయిన జాగాలో వేర్లు తేమ గాలి పీలుస్తాయి. మళ్లీ అంచుదాకా నింపకూడదు, అప్పటికే గాలికి అలవాటైన వేర్లు మునిగిపోతాయి. గెరిక్ వలకింద వదిలిన ఖాళీయే ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పంపు ఉన్నా సరే, వేర్లు కుండీ దాటాక బకెట్ నీటి మట్టం కుండీ అడుగుకు అంగుళం కిందే ఉంచుకోవాలి. పుదీనా, బచ్చలి కాడలకు సీసాలో వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు సాగాక బకెట్‌లోకి మార్చవచ్చు. సీసా నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, అలా మార్చినప్పుడల్లా కొత్త గాలి కూడా వస్తుంది. నీళ్లలో పుట్టిన వేర్లు పెళుసు, చేతితో లాగితే విరుగుతాయి. ద్రావణం మొదటి వారం సగం మోతాదులో కలిపి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య చూసుకుంటే చాలు. వేర్లు తెల్లగా ఉన్నంతకాలం దిగులు లేదు. గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టి వాసన వస్తుంటే ఇంకాస్త ఎరువు వేయబోకండి, ముందు నీళ్లు మార్చి గాలి సంగతి చూడండి. టమాటా, వంగ జోలికి ఒక ఆకుకూర పంట చేతికొచ్చాక, అదీ చలికాలంలో వెళ్లడం మంచిది.